గుంత కంటే ముందు నీటిని రాయండి

అందరికీ నమస్కారం. పల్లె రోడ్ల స్థితిని మ్యాపు మీదికెక్కించే పని చాలాచోట్ల గుంతలు లెక్కపెట్టడంతోనే ఆగిపోతోంది. గుంత ఎందుకు పడిందో రాయకపోతే వచ్చే ఏడు మళ్లీ అదే చోట ప్యాచ్ వేస్తాం.

రోడ్డును 200 మీటర్ల ముక్కలు చేయండి. ఆరు కిలోమీటర్లకు 30 ఎంట్రీలు. మెయిన్ రోడ్డు జంక్షన్ దగ్గర సున్నా పెట్టి చైనేజీ (అక్కడి నుంచి రోడ్డు వెంబడి దూరం) రాయండి, జీపీఎస్ ఒక్కదాన్నే నమ్మొద్దు. చెట్ల కింద పాయింటు పక్కకు జరిగి, పక్కనున్న కాలువ గట్టు మీద కూర్చుంటుంది. సున్నా ఎక్కడ పెట్టారో ఫొటో తీసి ఉంచండి. వచ్చేసారి ఇంకొకరు ఇంకోచోట మొదలుపెడితే రెండేళ్ల లెక్కలూ కలవవు.

పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) రోడ్లకు పీసీఐ, అంటే రోడ్డు పైభాగం స్థితికి వేసే మార్కు, 1 నుంచి 5 దాకా. బండి వేగాన్ని బట్టి వేసే పద్ధతిలో గంటకు 40 కిలోమీటర్లు దాటి హాయిగా పోగలిగితే 5, పదికి పడిపోతే 1. కానీ వడ్లు ఆరబోసినా, గేదెలు అడ్డమొచ్చినా వేగం తగ్గుతుంది. అది రోడ్డు తప్పు కాదు కదా! అందుకే దిగి చూడాలి. సగటు మార్కు మాత్రం వేయకండి. 800 మీటర్లు బాగుండి 200 మీటర్లు చెడితే సగటుకు ఆ చెడిన ముక్క కనపడదు.

దిగినప్పుడు ముందు తూము చూడండి. పైపులోకి కర్ర పెట్టి పూడిక ఎంతుందో కొలవండి. తర్వాత బెర్ము, అంటే తారు పక్కనుండే మట్టి పట్టీ. మట్టి పేరుకుని తారు కంటే ఎత్తయితే వాన నీరు కాలువలోకి దిగదు, రోడ్డు మీదే నిలిచి తారు కింది మెటల్‌లోకి (కంకర పొరలోకి) ఇంకుతుంది. 3.75 మీటర్ల తారు 3.2 మిగిలిందంటే అంచు విరిగినట్టే. కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) తీయకుండా ట్రాక్టర్లు ఎక్కే చోట్లు విడిగా గుర్తించండి. నల్లరేగడిలో అంచు వెంబడి నిలువుగా సాగే పగులు వేరే జబ్బు: ఎండకు కింది నేల కుంచించుకుపోతుంది. దానికి ప్యాచ్ పనికిరాదు.

వానల్లో ఒకసారి తిరిగి నీరు నిలిచే చోట్లు, వానలు వెళ్లాక మరోసారి తిరిగి మార్కులు రాయండి. నెల్లూరు వైపు డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి అక్కడ రెండో విడత జనవరిలోనే.

రోడ్డు పూర్తయిన తేదీ కూడా ఎక్కించండి. పీఎంజీఎస్‌వైలో ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరుదే. ఆ గడువులో ఉన్న గుంతకు మన ఎస్టిమేటు అక్కర్లేదు, నోటీసు చాలు. గడువు దాటినవాటిలో మొదటి డబ్బు 3 వచ్చిన ముక్కలకు పెట్టండి: బెర్ము చెక్కడం, పగుళ్లు పూడ్చడం, తూములో పూడిక తీయడం. 1 వచ్చినవి ఎలాగూ కొత్తగా వేయాల్సినవే, వాటిని నిర్వహణ పద్దులో కలపొద్దు.