"లేదండీ" తర్వాత అడగాల్సిన ప్రశ్న

శ్రోతలందరికీ నమస్కారం.

శాసనసభలో ఎమ్మెల్యేలు వేసే ప్రశ్నలకు మంత్రులు ఇచ్చే రాతపూర్వక జవాబులు మీలో ఎంతమంది చూశారో గానీ, వాటిలో పదే పదే కనిపించే మాటలు రెండున్నాయి. ఒకటి "లేదండీ". రెండోది "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు". ప్రశ్నలో ఒక ఊరి కష్టమంతా ఉంటుంది. జవాబులో ఒక్క మాట ఉంటుంది. కొన్నేళ్లు విలేకరిగా సభ గ్యాలరీలో కూర్చుని ఆ కాగితాలు చదివినవాణ్ని. ఆ ఒక్క మాటను దాటి లోపలికి వెళ్లగలిగిన సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి ఒకాయన గురించి ముందు చెప్తాను.

ఆయన మొదటిసారి గెలిచి సభకు వచ్చారు. మాటకారి కాదు. చేతిలో ఎప్పుడూ ఒక లాంగ్ నోట్‌బుక్, దానికి రబ్బరు బ్యాండు. ఆయన నియోజకవర్గంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డాక్టరు రావడం లేదు. రాత్రిపూట నొప్పులొస్తే ఆటో మాట్లాడుకుని జిల్లా కేంద్రానికి పరిగెత్తాల్సిందే. మొదటి సమావేశాల్లో ఆయన ఇలా అడిగారు: "ఆ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్లు లేక ప్రజలు ఇబ్బంది పడుతున్న విషయం వాస్తవమేనా? అయితే ఎప్పటిలోగా నియమిస్తారు?" మొదటిదానికి జవాబు: లేదండీ. రెండోదానికి: ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ జవాబు అబద్ధమని అనడానికి లేదు. రికార్డుల్లో ఆ కేంద్రానికి ఇద్దరు డాక్టర్లున్నారు. వాళ్ల జీతాలు కూడా ఆ కేంద్రం పద్దు కిందే పడుతున్నాయి. మనుషులు మాత్రం డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తున్నారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల సంగతి తెలిసిన వాళ్లెవరికైనా ఈ డిప్యుటేషన్ అనే మాట విలువ తెలుసు. పోస్టు ఖాళీ కాదు, కుర్చీ ఖాళీ. ఎమ్మెల్యే అడిగింది కుర్చీ గురించి. ప్రభుత్వం చెప్పింది పోస్టు గురించి.

ఇంకొకరైతే ప్రెస్‌మీట్ పెట్టి నాలుగు మాటలని ఊరుకునేవారు. ఈయన సభ అయిపోగానే ఊరెళ్లి, ఒక సోమవారం పొద్దున్నే ఆరోగ్య కేంద్రం వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా కదల్లేదు. ఓపీ చీటీలు రాస్తున్నది ఎవరు, మాత్రలిస్తున్నది ఎవరు, చూపించుకోకుండానే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎందరు, అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నారు. హాజరు పట్టీ తెప్పించుకుని చూశారు. ఇద్దరు డాక్టర్ల పేర్ల ఎదురుగా నెలల తరబడి ఎర్ర సిరాతో "ఓడీ" అని రాసి ఉంది. ఆన్ డ్యూటీ అన్నమాట. డ్యూటీ మాత్రం ఇంకెక్కడో.

తర్వాతి సమావేశాల్లో ఆయన ప్రశ్న మారిపోయింది. ఆ కేంద్రానికి మంజూరైన పోస్టులు ఎన్ని? వాటిలో భర్తీ అయినవి ఎన్ని? భర్తీ అయినవారిలో డిప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నవారు ఎందరు, ఏ తేదీ నుంచి, ఎవరి ఉత్తర్వు మీద? ఈ ఐదింటిలో దేనికీ "లేదండీ" అని చెప్పడానికి వీల్లేదు. అంకె చెప్పాలి, తేదీ చెప్పాలి. ఆ రోజు మంత్రిగారు జవాబు చదివాక ఈయన లేచి, "అధ్యక్షా, ఈ ఇద్దరు డాక్టర్లూ వెళ్లిన చోట ఇప్పటికే ఎంతమంది డాక్టర్లున్నారో మంత్రిగారు చెప్తారా?" అన్నారు. మంత్రిగారు అధికారుల గ్యాలరీ వైపు చూశారు. అక్కడి నుంచి చీటీ రావడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో సభలో ఎవరూ మాట్లాడలేదు. చీటీ చూసుకుని మంత్రిగారు, "డిప్యుటేషన్ల విషయం పరిశీలిస్తాం అధ్యక్షా" అన్నారు.

అలా లేచి అడిగేదాన్ని అనుబంధ ప్రశ్న అంటారు. రాసిచ్చిన ప్రశ్నకు జవాబు శాఖలో ఎవరో తయారు చేస్తారు. అనుబంధ ప్రశ్నకు మాత్రం మంత్రి తనకు తెలిసి ఉండి చెప్పాలి. ప్రశ్నోత్తరాల సమయానికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

లోక్‌సభలో కూడా పద్ధతి ఇదే. రోజూ పొద్దున 11 గంటలకు ప్రశ్నలు మొదలవుతాయి. కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. నోటిమాటగా జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్నలు రోజుకు 20. రాతపూర్వక జవాబులిచ్చేవి 230. ఏవి ముందన్నది లాటరీ తేలుస్తుంది. ఆ 20లో కూడా నిజంగా సభలో చర్చకు వచ్చేవి కొన్నే. అందుకే గొడవల్లో ఆ గంట కొట్టుకుపోయినప్పుడు నాకు కడుపు మండిపోతుంది. ఎవరో ఒక సభ్యుడు వారాల తరబడి వివరాలు కూడబెట్టి వేసిన ప్రశ్న ఆ గొడవలో పోతుంది. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఆపేశారు. ఆసుపత్రుల్లో బెడ్లు, ఆక్సిజన్, వలస కూలీల గురించి మంత్రులను నిలబెట్టి అడగాల్సిన కాలం అది. రాతపూర్వక జవాబులు ఇచ్చారు, నిజమే. కానీ కాగితానికి ఎదురు ప్రశ్న వేయలేం కదా.

ప్రశ్న బలం ఎంతో తెలియాలంటే 1957 గుర్తుచేసుకోవాలి. ఎల్ఐసీ పుట్టి అప్పటికి ఇంకా ఏడాది కూడా కాలేదు. మామూలు జనం కట్టిన ప్రీమియం డబ్బుల్లోంచి సుమారు 1 కోటి 24 లక్షల రూపాయలు పెట్టి హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్నారు. సభలో మొదట అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఫిరోజ్ గాంధీ ఆ సంగతిని వదల్లేదు. ఆయన అధికార పార్టీ సభ్యుడు, పైగా ప్రధానమంత్రి నెహ్రూకు స్వయానా అల్లుడు. డిసెంబరులో లెక్కలతో సహా సభ ముందు పెట్టారు. జస్టిస్ ఎం.సి. చాగ్లా బహిరంగంగా విచారణ జరిపారు. 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మన పార్టీ ప్రభుత్వమే కదా, ఎందుకు అడగడం అని నేడు అనే సభ్యులందరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

అడిగి అడిగి విసిగిపోయిన జనం ఏం చేస్తారో మన నల్లగొండ చూపించింది. నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టడం, కాళ్లు వంకర్లు పోవడం, నడుములు వంగిపోవడం అక్కడ తరతరాల గోస. ఈ జబ్బు కొత్తదేం కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం ప్రాంతంలో, 1937లోనే డాక్టర్లు గుర్తించి రాశారు. అయినా దశాబ్దాల తర్వాత కూడా నల్లగొండ పల్లెలు అదే నీళ్లు తాగాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. నీళ్ల కోసం వేసిన నామినేషన్లు అవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. దేశం మొత్తం నల్లగొండ వైపు చూసింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్లకు మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ పల్లెల్లో పుట్టిన పిల్లలకు ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

మళ్లీ మన నోట్‌బుక్ ఎమ్మెల్యే దగ్గరికి వద్దాం. "పరిశీలిస్తాం" అన్నారు కదా మంత్రిగారు. చాలామంది ఆ మాటను గాలికి వదిలేస్తారు. నిజానికి సభలో మంత్రి నోట వచ్చిన అలాంటి మాటకు ఒక లెక్క ఉంది. ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. లోక్‌సభలో 1953 నుంచి పనిచేస్తోంది, శాసనసభల్లోనూ ఉంది. "పరిశీలిస్తాం", "వివరాలు తెప్పిస్తాం" లాంటి మాటలను ఆ కమిటీ హామీలుగా రాసుకుంటుంది. లోక్‌సభలో ఇచ్చిన హామీ మూడు నెలల్లో నెరవేరాలి. లేదంటే గడువు పెంచమని శాఖ అడగాలి. టీవీలో కనిపించే పని కాదు కాబట్టి సభ్యులకు దీని మీద పెద్ద ఆసక్తి ఉండదు. అదే నా బాధ.

ఈయన ఆ మాట తారీఖు వేసి రాసుకున్నారు. కమిటీకి ఉత్తరం రాశారు, శాఖ కార్యదర్శికి రాశారు, కలిసినప్పుడల్లా అడిగారు. కొన్ని నెలలకు ఇద్దరు డాక్టర్లలో ఒకరు వెనక్కి వచ్చారు. రెండోవారు రాలేదు. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగానే ఉంది. రక్తపరీక్షకు జనం ఇంకా బయటికే వెళ్తున్నారు.

తర్వాతి సమావేశాల ముందు ఆయనకు ఒక కాగితం అందింది. ఆ ఊరి ఆశా వర్కర్ రాసింది. ఏ నెలలో ఎంతమంది గర్భిణులను రక్తపరీక్షకు బయటికి పంపించాల్సి వచ్చిందో, ఒక్కొక్కరికి ఎంత ఖర్చయిందో అందులో ఉంది. నెలవారీగా గీతలు కొట్టి, చివర మొత్తం వేసి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి నోట్‌బుక్కులో పెట్టుకుని, రబ్బరు బ్యాండు వేసుకుని సభకు వచ్చారు.

మీ ఊళ్లో కూడా నీళ్ల ట్యాంకు దగ్గరో, బడిలోనో, రేషన్ షాపులోనో ఇలాంటి లెక్క ఒకటి ఉండే ఉంటుంది. సమావేశాలు మొదలు కాకముందే రాసి మీ ఎమ్మెల్యేగారి చేతికివ్వండి. తేదీలతో ఇవ్వండి.

నమస్కారం.