చెల్లదని కొట్టేసిన పేజీ

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, నన్ను పిలిచిన మిత్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. కానీ నాకిచ్చింది పావుగంట. అందుకని సూటిగా విషయానికొస్తాను.

ఆహ్వానంలో నా అంశం ‘భూతాపం, పురుగుమందులు, జలకీటకాలు’ అని వేశారు. దాని గురించే చెబుతాను. కాకపోతే ముందు ఒక రాత్రి సంగతి చెప్పనివ్వండి.

చదువుకునే రోజుల్లో నేను సన్న తూనీగల పిల్లల మీద పనిచేశాను. రెక్కలొచ్చేదాకా తూనీగ బతుకంతా నీళ్ళలోనే. ఒకే గిన్నెలో వేస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకని ఒక్కోదానికి ఒక్కో కప్పు. కొన్ని కప్పుల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు, చాలా తక్కువ మోతాదులో. గది 20 డిగ్రీలు. అంత చల్లదనంలో ఆ మోతాదుకి దాదాపు ఏదీ చావదని అంతకుముందే చూసుకున్నాం.

ఆ రాత్రి గదిలో కూలింగ్ ఆగిపోయింది. పొద్దున్నే వెళ్ళేసరికి నీళ్ళు 29 డిగ్రీలున్నాయి. మందు లేని కప్పుల్లో పిల్లలు బాగానే ఉన్నాయి. మందున్న కప్పుల్లో ఒకదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అది పుల్ల మీద వెనక్కి వెనక్కి జరిగి, తోక చివరనున్న ఆకుల్లాంటి మూడు మొప్పల్ని నీటి పైపొర దగ్గరికి చేర్చింది. ఊపిరి కోసం. కాళ్ళు వణుకుతున్నాయి. ఎదురుగా డాఫ్నియా అనే చిట్టి నీటిజీవి ఒకటి పోతుంటే, మడిచిపెట్టుకున్న కింది పెదవిని దాని మీదికి విసిరింది. గురి తప్పింది. మళ్ళీ విసరలేదు. మధ్యాహ్నానికి మందున్న కప్పుల్లో సగానికి పైగా కదలిక లేదు.

మా గైడ్‌గారు నా నోటుబుక్కు చూసి, ఆ పేజీ మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టారు. “ఉష్ణోగ్రత హద్దు దాటింది, ఈ పరీక్ష చెల్లదు” అన్నారు.

రూలు ప్రకారం ఆయన మాట నిజమే. మందుల విషతీవ్రతను పరీక్షించడానికి అంతర్జాతీయ పద్ధతులున్నాయి. డాఫ్నియా పరీక్షే తీసుకోండి. నీళ్ళు 18 నుంచి 22 డిగ్రీల మధ్య ఉండాలి, 48 గంటలు చూడాలి. ఒక మందుతో ఇంకో మందును పోల్చాలంటే అందరూ ఒకే వేడిమిలో చెయ్యాలి, ఒప్పుకుంటాను. కానీ లోతులేని మడుగు మిట్టమధ్యాహ్నం 29కి చేరితే, అందులో చచ్చిన పురుగుల చావు కూడా చెల్లదా? చెప్పండి!

ఏం జరుగుతుందో చూడండి. పురుగుకి మనలా సొంత ఒంటివేడి లేదు. నీళ్ళెంత వేడో అదీ అంతే. పది డిగ్రీలు పెరిగితే దాని ఒంట్లో పని సుమారు రెట్టింపవుతుంది, ఆక్సిజన్ అవసరమూ అలాగే పెరుగుతుంది. నీళ్ళలో మాత్రం ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్ళు, 30 దగ్గర ఏడున్నరే పడతాయి. ఊపిరాడక పురుగు మొప్పల మీదుగా ఎక్కువ నీళ్ళు తోస్తుంది, వాటితోపాటు మందూ ఒంట్లోకి ఎక్కువ చేరుతుంది. క్లోర్‌పైరిఫాస్ ఒంట్లోకి వెళ్ళాక ఆక్సాన్ అనే ఇంకా ఘాటైన రూపంలోకి మారితేనే నరాల మీద అసలు దెబ్బ కొడుతుంది. వేడికి ఆ మార్పూ త్వరపడుతుంది. విషం విరగ్గొట్టడానికి శక్తి కావాలి, వేడిని తట్టుకోవడానికీ శక్తి కావాలి. ఉన్న కాస్త శక్తితో దేన్ని కాచుకుంటుంది?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. అన్ని మందులూ ఇలా ఉండవు. పైరెత్రాయిడ్లనే ఇంకో రకం పురుగుమందులు చాలా పురుగుల్లో చల్లదనంలోనే ఎక్కువ విషం. వెచ్చటి నీళ్ళలో చాలా మందులు త్వరగా విరిగిపోతాయి కూడా. నా బాధ ఒక్కటే, ఒకే ఉష్ణోగ్రత దగ్గర తేల్చిన అంకె చూసి ధీమాగా ఉంటున్నామని. అదీగాక సగటు ఒక్కటి చూస్తే చాలదు. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తూనీగ పిల్లల మీదే చేసి చూపించారు, పగలూ రాత్రీ వేడిమి హెచ్చుతగ్గులవుతుంటే క్లోర్‌పైరిఫాస్ ఇంకా తీవ్రంగా పనిచేస్తుందని.

దోమల సంగతి చెప్పకుండా దిగలేను. తూనీగ పిల్ల దోమ పిల్లల్ని తింటుంది. దోమ వెచ్చటి నీళ్ళలో రెండు వారాల్లోపే రెక్కలు తొడుగుతుంది, తరం వెంట తరం మందుకి అలవాటు పడుతుంది. తూనీగకి నెలలు పడుతుంది, కొన్ని జాతులకు ఏళ్ళు. ఒక దెబ్బ తగిలితే ముందు తేరుకునేది ఎవరో మీరే ఆలోచించండి.

విద్యార్థులు చాలామంది వచ్చారు. మిమ్మల్ని బతిమాలి అడుగుతున్నాను. ఏ మందు పరీక్షించినా 20తోపాటు 25లో ఒక వరుస, 30లో ఒక వరుస కప్పులు పెట్టండి. మందు లేని కప్పులు కూడా ప్రతి వేడిమి దగ్గరా పెట్టండి, లేకపోతే చంపింది వేడో మందో తేలదు. కూలింగ్ ఆగిపోతే ఆ కప్పుల్ని పారబొయ్యకండి, కూర్చుని చూడండి, రాయండి.

ఆ నోటుబుక్కు తెచ్చాను. ఎర్ర గీత కింద కప్పు నంబర్లు, టైములు ఇప్పటికీ చదవడానికి వస్తాయి. బల్ల మీద పెడుతున్నాను, ముందుకొచ్చి చూడండి.