కాశ్మీర్ లోడుకు ఏ ఆయిల్ పోయాలి: పదిహేనా, అయిదా?

(స్టూడియో చర్చ, పూర్తి పాఠం. పాల్గొన్నవారు: విజయవాడ ఆటోనగర్ డీజిల్ మేస్త్రి, లూబ్రికెంట్ ఇంజనీరు, హైదరాబాద్ లారీ ఓనరు.)

యాంకర్: అందరికీ నమస్కారం. గడ్డకట్టే చలిలో లారీ ఆయిల్ చాంబర్ కింద మంట పెట్టి స్టార్ట్ చేస్తున్న వీడియో ఒకటి డ్రైవర్ల ఫోన్లలో తెగ తిరుగుతోంది. మామూలు 15డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోయడం వల్లే ఈ గతి అని కొందరు, ఖరీదైన 5డబ్ల్యూ-40 సింథటిక్ అమ్ముకోవడానికే ఈ గోల అని కొందరు. ఇవాళ అన్ని పక్షాలకూ సమానంగా సమయం ఇస్తాం. ఇంజనీరు గారూ, సూటిగా అడుగుతాను. ఇది కంపెనీల వ్యాపారమేనా?

ఇంజనీరు: ముందు అంకెలేంటో చూద్దామండీ. డబ్ల్యూ ముందున్న అంకె చలికి, వెనకున్న 40 ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనానికి. 15డబ్ల్యూ ఆయిల్‌కి సెల్ఫ్ మోటారు ఇంజన్‌ని తిప్పే పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర, పంపు ఆయిల్‌ని లాగే పరీక్ష మైనస్ 25 దగ్గర పెడతారు. అదే 5డబ్ల్యూకైతే మైనస్ 30, మైనస్ 35. అంటే...

మేస్త్రి: ఆగండి సార్, ఆగండి. మైనస్ 20 అన్నారుగా? శ్రీనగర్‌లో చిల్లై కలాన్ అనే నలభై రోజుల గడ్డ చలిలో, డిసెంబర్ 21 నుంచి జనవరి 30 దాకా, తెల్లవారుజామున మైనస్ 5, మైనస్ 6 మామూలు. మరి పదిహేను చాలదని ఎవరు చెప్పారు? మన లారీలు పోయేది కాశ్మీర్‌లోని లాసిపొరా కోల్డ్ స్టోరేజీలకి. ఆపిల్ ఎత్తుకుని ఖాజీగుండ్, బనిహాల్ మీదుగా హైదరాబాద్ దగ్గర బాటసింగారం పండ్ల మార్కెట్‌కి వస్తాయి.

ఇంజనీరు: శ్రీనగర్ వరకూ చాలుతుంది, కాదనను. నేను చెప్పేది లదాఖ్‌లోని డ్రాస్, కార్గిల్...

మేస్త్రి: డ్రాస్‌కి మన బండ్లు ఎన్ని పోతాయి చెప్పండి? చలికాలంలో అక్కడికి పోయే జోజిలా కనుమ మంచుకు తరచూ మూసుకుపోతుంది. ఆ లోడు చేసేది అక్కడి బండ్లు.

యాంకర్: అంటే అవసరం లేని ఆయిల్‌ని అమ్ముతున్నారనేగా మీ మాట?

మేస్త్రి: అమ్మా, అసలు రోగం ఆయిల్‌ది కాదు, డీజిల్‌ది. సెల్ఫ్ కొట్టినప్పుడు చెవి పెట్టి వినాలి. ఇంజన్ గిరగిరా తిరుగుతున్నా అందుకోవడం లేదంటే డీజిల్ రావడం లేదు. స్టార్టయి రెండు మూడు నిమిషాలకి ఆగిపోయిందా, చలికి డీజిల్‌లోంచి విడిన మైనం ఫిల్టర్‌లో పట్టింది. మూలుగుతూ భారంగా తిరిగితేనే ఆయిల్‌నో బ్యాటరీనో అనుమానించాలి. ఈ తేడా చూడకుండా డబ్బా మార్చమంటే ఎట్లా?

ఓనరు: డీజిల్ అంటే గుర్తొచ్చింది. రేటు తక్కువని హర్యానాలో ట్యాంకు ఫుల్ చేయించడం అందరికీ అలవాటు...

మేస్త్రి: అదే! అదే కొంప ముంచుతోంది. సార్ ఉన్నారుగా, లెక్క ఆయన్నే అడగండి.

ఇంజనీరు: మన ప్రమాణాల్లో చలికాలపు డీజిల్‌కి కూడా ఫిల్టర్ గుండా దిగుతుందన్న హామీ ప్లస్ 6 డిగ్రీల వరకే. వేసవి సరుకుకైతే 18. లదాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబర్‌లో ప్రత్యేక డీజిల్ తెచ్చింది. అది మైనస్ 33 దాకా గడ్డకట్టదు. కింద మైదానంలో పోయించుకున్న డీజిల్‌కి ఆ గుణం ఉండదు. అయితే నేను అడిగేది ఆయిల్ గురించి...

మేస్త్రి: విన్నారుగా! జమ్మూ చేరేసరికి ట్యాంకు అడుగంటాలి. అక్కడి నుంచి కొండల మీద దొరికే డీజిల్ పోయించుకోవాలి. గడ్డకట్టకుండా కలిపే మందు ఉంటుంది, అది చలి తగలకముందే కలపాలి. మైనం కట్టాక పోస్తే కరగదు. వాటర్ సెపరేటర్ కింద కాక్ తిప్పి నీళ్ళు వదలాలి. ఒక డీజిల్ ఫిల్టర్ క్యాబిన్‌లో పెట్టుకోవాలి.

యాంకర్: కిరోసిన్ కలిపితే?

మేస్త్రి: పాత బండ్లకి కలిపేవాళ్ళు. బీఎస్-6 బండికి కలిపితే పంపు, ఇంజెక్టర్లు జిడ్డు చాలక అరుగుతాయి. సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే కేటలిస్ట్‌కీ చేటు.

యాంకర్: మళ్ళీ నా ప్రశ్నకే వస్తాను. 5డబ్ల్యూ-40 రేటు దాదాపు రెట్టింపు. ఒక్కో లారీకి పదిహేను, ఇరవై లీటర్లు. ఈ డబ్బు ఎవరి జేబులోకి పోతోంది?

ఇంజనీరు: అమ్మా, ఒక్క నిమిషం పూర్తిగా చెప్పనివ్వండి. స్టార్ట్ అవడం ఒక సంగతి. స్టార్టయ్యాక మొదటి అర నిమిషం ఇంకో సంగతి. చిక్కబడ్డ ఆయిల్ ఫిల్టర్ కాగితం గుండా దిగలేక బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడపోత లేకుండానే పైకి పోతుంది. టర్బో బేరింగ్‌కి అన్నిటికన్నా చివరికి అందుతుంది. ఆ సమయంలో యాక్సిలరేటర్ తొక్కితే...

మేస్త్రి: తొక్కకూడదని ఎవరికి తెలియదు సార్? ఆయిల్ ప్రెజర్ గేజ్ లేచేదాకా ఐడిలింగ్‌లో ఉంచాలి. మూడు నాలుగు నిమిషాలు చాలు. అరగంట నిలబెట్టి వేడి చేస్తే ఇంకో నష్టం. చల్లని సిలిండర్‌లో కాలని డీజిల్ చాంబర్‌లోకి దిగి ఆయిల్ పలచనవుతుంది. గేజ్ కడ్డీ మీద ఆయిల్ పెరిగిందంటే సంతోషించేవాళ్ళున్నారు! పెరిగిందంటే డీజిల్ కలిసిందని, వెంటనే ఆయిల్ మార్చాలి.

ఇంజనీరు: అది నిజమే. బీఎస్-6లో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఆ మసిని కాల్చుకునేటప్పుడు కూడా...

ఓనరు: నాదొక అనుమానం. రాత్రి గాలి గట్టిగా కొడితే మైనస్ 6 కాస్తా మైనస్ 15 అవుతుందంటారు. అప్పుడు పదిహేను ఆగుతుందా?

ఇంజనీరు: అది మన ఒంటికి అనిపించే చలి. ఇనుముకు అది ఉండదు. గాలికి ఇంజన్ త్వరగా చల్లారుతుందే గానీ గాలి ఉష్ణోగ్రత కన్నా కిందికి పోదు.

మేస్త్రి: గాలి అన్నారు కాబట్టి బ్రేకులకి గాలి ఇచ్చే ఎయిర్ ట్యాంకుల సంగతీ చెప్పాలి. సాయంత్రం బండి ఆపగానే డ్రెయిన్ వాల్వ్ లాగి ట్యాంకుల్లో నీళ్ళు వదలాలి. లేదంటే పొద్దున ఇంజన్ స్టార్టవుతుంది, బ్రేకు విడవదు. పైపులో మంచు. ఆ గాలిలో తేమ పీల్చే డ్రయ్యర్ క్యాట్రిడ్జ్ పాతదైతే ఎంత మంచి ఆయిల్ పోసినా...

యాంకర్: మేస్త్రి గారూ, ఆయిల్‌కి వద్దాం.

మేస్త్రి: వస్తున్నానమ్మా. బ్యాటరీ కూడా చెప్పనీయండి. మైనస్ 18 దగ్గర బ్యాటరీ బలం సగానికి సగం పోతుంది, అదే సమయంలో ఇంజన్ తిరగడానికి బరువెక్కుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ పెట్టి చూడండి. ఒక్కో బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి జారితే ముందు దాన్ని మార్చండి. టెర్మినల్స్ గీకి బిగించండి. ఈ పనికి డబ్బు పెట్టనివాడు సింథటిక్‌కి వేలు ఎందుకు పెట్టాలి?

యాంకర్: సరిగ్గా నేనంటున్నదీ అదే! ఇంజనీరు గారూ, జవాబివ్వండి.

ఇంజనీరు: బ్యాటరీ బాగుండాలి, ఒప్పుకుంటాను. కానీ మైనస్ 20కి దిగే చోట రాత్రి నిలిపే బండికి 15డబ్ల్యూ అంచు మీద నడక. ఇంట్లోనే చూడొచ్చు. రెండు సీసాల్లో రెండు ఆయిళ్ళు పోసి మైనస్ 18 ఫ్రిజ్ పైఅరలో రాత్రంతా ఉంచి పొద్దున వంచండి. అయిదు జారుతుంది. పదిహేను పాత తేనెలా కదలనా వద్దా అన్నట్టు దిగుతుంది.

మేస్త్రి: దిగుతుందిగా! గడ్డకట్టలేదుగా!

ఇంజనీరు: సీసాలోంచి దిగడం వేరు, సన్నని జాలీలోంచి పంపు లాగడం వేరండీ. పైగా నెమ్మదిగా చల్లారితే ఆయిల్‌లో మైనం జాలంలా అల్లుకుంటుంది, అది ఒక్క రాత్రి ఫ్రిజ్‌లో కనబడదు. అందుకే పంపు పరీక్షలో రోజుల తరబడి నిదానంగా చల్లబరుస్తారు.

ఓనరు: మరి ఆ అయిదు మీద నాగపూర్ ఎండలో 45 డిగ్రీల్లో లోడు లాగితే ఇంజన్ బోర్ అరిగిపోదా?

ఇంజనీరు: అరగదు. రెంటికీ వెనకంకె 40 ఒకటే. వేడి మీద రెండూ ఒకే కొలతలో ఉంటాయి. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. షాపుల్లో దొరికే 5డబ్ల్యూ-40లో చాలా మటుకు పెట్రోల్ కార్లది. డబ్బా మీద ఎస్ఎన్ అనో ఎస్పీ అనో మాత్రమే ఉంటే లారీకి వద్దు. బీఎస్-6 బండికి డీజిల్ ఇంజన్ల గ్రేడు సీకే-4 అని ఉండాలి. అందులో బూడిద ఒక శాతం దాటదు. బూడిద ఎక్కువైతే డీపీఎఫ్‌లో మిగిలిపోతుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఎఫ్ఏ-4 అని ఇంకో గ్రేడు ఉంది. అది పలచనది, హ్యాండ్‌బుక్‌లో పేరు పెట్టి రాస్తే తప్ప...

మేస్త్రి: ఇన్ని అక్షరాలు చూసుకుని రాత్రి జమ్మూలో డ్రైవరు ఆయిల్ కొంటాడా సార్? పదిహేనులో అయితే సీకే-4 సులువుగా దొరుకుతుంది. అయిదు అడిగితే కారు ఆయిల్ అంటగడతారు. మీరే చెప్పారుగా ఇప్పుడు!

ఇంజనీరు: నేను చెప్పింది అందుకు కాదు...

యాంకర్: బాగుంది, అంటే దొరకని ఆయిల్‌ని కొనమంటున్నారన్నమాట!

ఇంజనీరు: ఇక్కడి నుంచే 5డబ్ల్యూ డబ్బా పెట్టుకుని వెళ్ళమంటున్నానండీ.

ఓనరు: ఆ వీడియోలో చేసినట్టు చాంబర్ కింద మంట...

మేస్త్రి: వద్దే వద్దు. చాంబర్ అంచున జిడ్డు ఉంటుంది, వైరింగ్ ఉంటుంది, కొన్ని బండ్లకి చాంబరే ప్లాస్టిక్. అడుగున ఆయిల్ మాడుతుంది, పైన బేరింగులు చల్లగానే ఉంటాయి. దానికన్నా వేడినీళ్ళు డీజిల్ ఫిల్టర్ మీద గుడ్డ చుట్టి పోయడం నయం. బండి మూతిని గాలికి ఎదురుగా పెట్టకుండా గోడ పక్కన ఆపాలి.

యాంకర్: చివరిగా ఇంజనీరు గారూ, ఒక్క ముక్కలో...

ఇంజనీరు: లారీ ఏ ఊళ్ళో రిజిస్టర్ అయిందని కాదు, ఏ ఊళ్ళో తెల్లవారుతుందని చూసి...

మేస్త్రి: శ్రీనగర్‌లో తెల్లవారుతుంది సార్, మైనస్ 6! పదిహేను చాలు!

యాంకర్: మేస్త్రి గారి మాట స్పష్టంగా ఉంది. టైం అయిపోయింది.

ఓనరు: ఒక్కటి అడగనీయండి. చాంబర్‌లో పదిహేను ఉంది, పైన 5డబ్ల్యూ రెండు లీటర్లు కలిపితే?

ఇంజనీరు: రెండూ సీకే-4 అయితే ఇంజన్‌కి హాని లేదు. కానీ చలికి మీకు అయిదు గుణం రాదు. మొత్తం దింపి, ఫిల్టర్‌తో సహా మార్చి...

మేస్త్రి: అందుకే కలపొద్దు. పదిహేనే ఉంచి, ఫిల్టర్ కొత్తది బిగించి బయల్దేరండి.