బయోమెడికల్ సైన్స్: సీటు తీసుకునే ముందు, తీసుకున్నాక

అందరికీ నమస్కారం.

ఈ కోర్సుకు విదేశం వెళ్లేవాళ్లలో చాలామందికి మనసులో ఏదో ఒక మూల మెడిసిన్ ఆశ ఉంటుంది. ఉండనివ్వండి. కానీ ఈ డిగ్రీతో డాక్టర్లు కారు. బ్రిటన్ సంగతే తీసుకుంటే, బీఎస్సీ పాసైనంత మాత్రాన 'బయోమెడికల్ సైంటిస్టు' అని చెప్పుకోవడానికి కూడా కుదరదు. ఆ హోదాకు అక్కడ చట్టరక్షణ ఉంది. ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరెక్కాలి. అందుకు మామూలు దారి ఐబీఎంఎస్ (బయోమెడికల్ సైంటిస్టుల వృత్తి సంస్థ) గుర్తింపున్న డిగ్రీ, దానితోపాటు ఆమోదం పొందిన ల్యాబ్‌లో శిక్షణ, అక్కడ నేర్చుకున్నదానికి ఆధారాలతో నింపే పోర్ట్‌ఫోలియో. గుర్తింపు లేని కోర్సు చదివితే ఆ తర్వాత అదనంగా మాడ్యూల్స్ చదవాల్సి రావచ్చు.

కాబట్టి ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. ఈ కోర్సుకు గుర్తింపు ఉందా? ఆస్పత్రి ప్లేస్‌మెంట్ విదేశీ విద్యార్థులకూ ఇస్తారా, లేక మనమే వెతుక్కోవాలా? జవాబు డొంకతిరుగుడుగా వస్తే మళ్లీ అడగండి, మొహమాటం వద్దు. బ్రోచర్‌లో తెల్లకోటు ఫొటోలు చూసి మురిసిపోవడం కంటే ఇది మేలు. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఈ గుర్తింపు అంత ముఖ్యం కాదు. వాళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎలా ఉంటుందో, ల్యాబ్‌లో ఎన్నాళ్లు పని చేయనిస్తారో కనుక్కోవాలి.

ఇక చదువు. బ్యాక్టీరియాకు రంగువేసి రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్ మనందరం బట్టీ పట్టిందే: క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, శాఫ్రనిన్. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రచురించిన పద్ధతి అని కూడా రాసేస్తాం. ల్యాబ్‌లో రంగు కడిగే ఆల్కహాల్ కాసేపు ఎక్కువ ఉంచారనుకోండి, ఊదారంగులో కనపడాల్సిన స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా గులాబీ రంగులో కనపడుతుంది. చాలామంది టెన్షన్ పడి పక్కవాళ్ల ఫలితం ఎక్కించేస్తారు. అలా చేయకండి. అది ఎలాగూ కాపీ కిందికి వస్తుంది, పైగా మార్కులు పోయేది అక్కడే. మీకు వచ్చింది వచ్చినట్టు రాసి, కంట్రోల్ స్లయిడ్‌తో (ఏ రంగు రావాలో ముందే తెలిసిన స్లయిడ్‌తో) పోల్చి, కణగోడ మందంగా ఉన్న బ్యాక్టీరియా కూడా రంగు ఎందుకు వదిలేసిందో రెండు వాక్యాల్లో వివరించండి. రిపోర్టు దిద్దేవాళ్లు వెతికేది ఆ రెండు వాక్యాలనే.

భాష గురించి ఒక్క మాట. పాఠం అర్థమైనా, యాస వల్ల ల్యాబ్‌లో చూపించి నేర్పే డెమాన్‌స్ట్రేటర్ చెప్పిన డైల్యూషన్ (ద్రావణాన్ని పలుచన చేసే) లెక్క చెవిన పడకపోవచ్చు. తలూపకండి, ఇంకోసారి చెప్పమనండి.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. వీసా సంగతులు మాత్రం నన్ను కాదు, మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగండి. ఆ నిబంధనలు తరచూ మారుతుంటాయి.