మామిడి పిందె ఊరి అమ్మాయి

శ్రోతలకు నమస్కారం.

బీరువాలోంచి ఒక పట్టుచీర తీసి అంచు చూడండి. మామిడి పిందెలు వరసగా ఉంటాయి, లేకపోతే కొంగులో ఒక పెద్ద పిందైనా ఉంటుంది. మనం మామిడి పిందె అనే ఆ డిజైన్‌ని ఇంగ్లిష్‌వాళ్లు పేస్లీ అంటారు. అది ఒక ఊరి పేరు. స్కాట్లండ్‌లో, గ్లాస్గోకి పక్కనే ఉంటుంది. కశ్మీరు శాలువాలు అక్కడి దొరసానులకు తెగ నచ్చాయి, ధర మాత్రం అందలేదు. వాటికి నకళ్లు తక్కువ ధరకి నేసిచ్చిన నేతగాళ్ల ఊరది. పిందె ఇక్కడిది, పేరు అక్కడిది అయిపోయింది. ఆ ఊరికి ఒకప్పుడు ఎంపీ అయిన ఒక అమ్మాయి గురించి ఇవాళ చెప్పుకుందాం.

పేరు దగ్గరే ఒక చిన్న తిరకాసు ఉంది. ఇంగ్లిష్ అక్షరాల్లో చూస్తే మ్హైరీ అని చదవాలనిపిస్తుంది. కానీ అది గేలిక్ పేరు, స్కాట్లండ్ పాత భాషది. ఆ భాషలో ఎం పక్కన హెచ్ వస్తే 'వ' అని పలుకుతారు. కాబట్టి వారీ. వారీ బ్లాక్. మనం వారి ఇల్లు, వారి ఊరు అంటాం చూడండి, ఆ మాటే చివర కాస్త సాగదీస్తే సరి.

పుట్టింది 1994 సెప్టెంబరులో. ఇంట్లోవాళ్లంతా లేబర్ పార్టీ. అక్కడ అదేం విశేషం కాదు. మిల్లులు, షిప్‌యార్డులు ఉన్న ఆ ప్రాంతంలో లేబర్‌కి ఓటెయ్యడం ఇంటి ఆచారం లాంటిది. ఆ ఆచారం 2014లో చెడింది. స్కాట్లండ్ బ్రిటన్‌లో ఉండాలా, విడిపోవాలా అని ఆ సెప్టెంబరు 18న జనాన్ని అడిగారు. పదహారేళ్లు నిండిన పిల్లలకీ ఓటిచ్చారు. విడిపోవద్దంటూ లేబర్, కన్సర్వేటివ్ పార్టీలు ఒకే వేదికెక్కాయి. కలిసుండాలన్నవాళ్లు 55 శాతంతో గెలిచారు. గెలిచారు గానీ, 'కన్సర్వేటివ్‌ల పక్కన ఎలా నిలబడతారు?' అని లేబర్ మీద సొంత ఓటర్లకే మనసు విరిగింది. వారీ అప్పుడు గ్లాస్గో యూనివర్సిటీలో పాలిటిక్స్ చదువుతూ, విడిపోవాలన్నవాళ్ల తరఫున ప్రచారం చేశారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే, విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ టికెట్ మీద ఎంపీ ఎన్నికల్లో నిలబడ్డారు.

ఎదురుగా ఉన్నది డగ్లస్ అలెగ్జాండర్. 1997 నుంచీ ఎంపీ. మంత్రిగా చేసినవారు. లేబర్ గెలిస్తే విదేశాంగ మంత్రి అవుతారని అందరూ అనుకుంటున్న మనిషి. ఆ ఎన్నికల్లో దేశమంతా పార్టీ ప్రచారం నడిపింది కూడా ఆయనే. అంతకుముందు ఎన్నికలో ఆయన మెజారిటీ 16,614. మనవాళ్లైతే కంచుకోట అనేవారు.

2015 మే 7. బ్రిటన్‌లో రాత్రి పదింటికి పోలింగు ముగియగానే లెక్కింపు మొదలవుతుంది. ఫలితం చెప్పేటప్పుడు అభ్యర్థులందరూ ఒకే వేదిక మీద వరసగా నిలబడతారు. ఒక్కొక్కరి ఓట్లూ పైకి చదువుతారు. ఓడినవాళ్లు కూడా కెమెరాల ముందు మొహం మార్చుకోకుండా అక్కడే ఉండాలి. నాకైతే అది మంచి పద్ధతే అనిపిస్తుంది, కాస్త కర్కశమైనా సరే. అలెగ్జాండర్‌కి 17,864. వారీ బ్లాక్‌కి 23,548. వయసు ఇరవై.

బ్రిటన్ ఎన్నికల పద్ధతిని మార్చిన 1832 సంస్కరణ చట్టం తరవాత, అంత చిన్న వయసులో కామన్స్ సభకి, అంటే అక్కడి లోక్‌సభకి, వచ్చినవాళ్లు లేరు. అసలు 2006లో చట్టం మార్చేదాకా అక్కడ పోటీకి ఇరవై ఒకటి నిండాలి. మన లోక్‌సభకైతే ఇరవై ఐదు నిండాలి కదా, ఇంకో ఐదేళ్లు ఆగాల్సొచ్చేది. ఎంపీ అయ్యారు గానీ డిగ్రీ ఇంకా చేతికి రాలేదు, ఒక పరీక్ష మిగిలి ఉంది. వెళ్లి రాసొచ్చారు. ఫస్ట్ క్లాసు వచ్చింది.

లండన్‌లో సభ చూస్తే విచిత్రంగా ఉంటుంది. సభ్యులు 650 మంది, కూర్చోడానికి చోటు 430 మందికి కూడా ఉండదు. ఆలస్యంగా వస్తే నిలబడడమే. చప్పట్లు కొట్టకూడదు. బాగుందనుకుంటే 'హియర్, హియర్' అనాలి. స్కాట్లండ్ నుంచి ఆ ఏడాది 59 సీట్లకి 56 గెలుచుకుని వచ్చిన ఆమె పార్టీలోని కొత్తవాళ్లు తెలియక చప్పట్లు కొడితే స్పీకర్ మందలించారు.

జులై 14న వారీ తొలిసారి మాట్లాడారు. తొలి ప్రసంగంలో ముందున్న ఎంపీని నాలుగు మంచి మాటలనడం అక్కడి మర్యాద. ఆమె కూడా అన్నారు, ఆయన గెలిచినప్పుడు తనకి మూడేళ్లని ఒక చురక కలిపి. ఇరవై ఒకటి నిండని వాళ్లకి ఇంటద్దె సాయం ఆపేస్తామని అప్పుడే బడ్జెట్లో ప్రకటించారు. దేశం మొత్తం మీద ఆర్థిక మంత్రి ఇంటి ఖర్చుకి సాయం చేస్తున్న ఇరవయ్యేళ్ల మనిషిని నేనొక్కదాన్నే అన్నారు. ఎంపీలకి లండన్‌లో ఇంటి ఖర్చు ప్రభుత్వానిదే మరి.

అందరూ ఆ చురకల్ని గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ ప్రసంగంలోని ఒక పెద్దమనిషి. ఎంపీ కాకముందు వారీ ఒక సేవా సంస్థలో పనిచేసేవారు. ఆయన అక్కడికి వచ్చేవాడు. జీవితం చితకబాదేసిన మనిషి. నిరుద్యోగ భృతి కావాలంటే జాబ్ సెంటర్‌కి, అంటే ప్రభుత్వ ఉపాధి ఆఫీసుకి, చెప్పిన టైముకి వెళ్లి తీరాలి. తిండికి ఖర్చుపెడితే బస్సు చార్జీకి ఉండదని తినడం మానేశాడు. అలా దాచిన డబ్బుతో బస్సెక్కి, నీరసానికి ఆ బస్సులోనే పడిపోయాడు. సెంటర్‌కి చేరేసరికి పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. దానికి శిక్ష, పదమూడు వారాల భృతి కోత.

ఆ వీడియో లక్షల మంది చూశారు. ఇరవయ్యేళ్ల పిల్ల ఎంత బాగా మాట్లాడిందో అని మెచ్చుకున్నారు. ఇక్కడే నాకు చిరాకు. వయసు గురించి మాట్లాడినంతసేపు ఆ బస్సు గురించి మాట్లాడలేదు. వారీ మాత్రం మర్చిపోలేదు. కోత పెట్టేముందు ఆ మనిషి పరిస్థితి ఏమిటో విచారించి తీరాలని ఒక సొంత బిల్లు తెచ్చారు. 2016 డిసెంబరు 2, శుక్రవారం చర్చకి వచ్చింది. చట్టం కాలేదు. ప్రభుత్వం తోడు లేకపోతే అక్కడ చాలా సొంత బిల్లుల గతి అంతే. 1950ల్లో పుట్టిన ఆడవాళ్లకి పింఛను వయసు అరవై నుంచి పెంచినప్పుడు, మాకు ముందుగా సరిగ్గా చెప్పలేదని వాళ్లు గోలపెట్టారు. ఆ పోరాటంలోనూ సభలో గట్టిగా నిలిచిన గొంతు ఆమెదే. వినడానికి సభ ఎప్పుడూ సిద్ధమే. కదలడానికే కాదు.

2018లో ఒక చర్చలో, ఆన్‌లైన్‌లో తనని తిట్టే బూతుల్ని ఉన్నవి ఉన్నట్టు చదివి వినిపించారు. రేడియోలో నేను పలకలేని మాటలు. సభలో అంతవరకూ ఎవరూ పలకనిది కూడా వాటిలో ఒకటుందంటారు.

2017లో మెజారిటీ 2,541కి పడిపోయింది, 2019లో 10,679కి లేచింది. 2022 చివర్లో సభలో తమ పార్టీకి ఉపనాయకురాలయ్యారు. ఇక పైకే అనుకుంటుండగా, 2023 జులైలో మళ్లీ నిలబడనని చెప్పేశారు. అక్కడి వాతావరణం విషపూరితమని, వేళాపాళా లేని పని తనవల్ల కాదని కారణం చెప్పారు. జనం ఓడించలేదు, తనే లేచి వచ్చేశారు. అప్పటికింకా ముప్పై నిండలేదు.

2024 జులై ఎన్నికల్లో పేస్లీ సీటు మళ్లీ లేబర్‌కి పోయింది. డగ్లస్ అలెగ్జాండర్ వేరే నియోజకవర్గం, లోథియన్ ఈస్ట్ నుంచి గెలిచి, తొమ్మిదేళ్ల తరవాత మళ్లీ సభలో అడుగుపెట్టారు, మంత్రి కూడా అయ్యారు. ఆ మరుసటి నెల ఎడిన్‌బరో నాటకోత్సవంలో వారీ బ్లాక్ మైకు పట్టుకుని స్టేజీ ఎక్కారు. పార్లమెంటులో గడిపిన తొమ్మిదేళ్ల గురించి జోకులు చెప్పారు. అక్కడ చప్పట్లకి అడ్డు చెప్పే స్పీకర్ లేరు.

నమస్కారం.