వాటర్ బెల్ కాదు సార్, ముందు బాత్రూమ్ చూడండి!

స్కూల్లో పిల్లలు నీళ్ళు ఎందుకు తాగట్లేదో తెలుసా? కూల్‌డ్రింక్ యాడ్లు చూసి కాదు. బాత్రూమ్ చూసి! అవునండీ, బాత్రూమ్.

2019లో కేరళ స్కూళ్ళలో వాటర్ బెల్, అంటే నీళ్ళు తాగమని గుర్తుచేసే గంట, మొదలెట్టారు. ఆంధ్రలోనూ ఎండాకాలం కొట్టించారు. 2025లో సీబీఎస్ఈ, దేంట్లో ఎంత చక్కెరుందో చూపించే షుగర్ బోర్డులు పెట్టమంది. శభాష్! గోడ మీద చక్కెర లెక్క రాస్తే దాహం తీరుతుందా? బెల్ మోగుతుంది, పాప రెండు గుక్కలు తాగి మూత పెట్టేస్తుంది. తాగితే వెళ్ళాలి కదా! వెళ్తే తలుపుకి గొళ్ళెం ఉండదు, మగ్గు ఉండదు, ఒకటే కంపు. అందుకే సాయంత్రందాకా బిగబట్టుకుని కూర్చుంటుంది.

నాలుగింటికి గేటు దాటేసరికి గొంతు పిడచకట్టుకుపోయి ఉంటుంది. ఎదురుగా కొట్టు, కొట్లో ఫ్రిజ్! స్కూల్ గేటుకి 50 మీటర్లలోపు చక్కెర ఎక్కువున్న కూల్‌డ్రింకుల్లాంటివి అమ్మకూడదని 2020లోనే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రూల్ పెట్టింది. ఏం లాభం, 51వ మీటర్లో కొట్టు తెరుస్తాడు! కోలా 100 మి.లీ.కి చక్కెర 10 గ్రాముల పైమాటే. 250 మి.లీ. బాటిల్ లేపితే 26 గ్రాములు, ఆరు స్పూన్ల పైన. పిల్లలకి రోజు మొత్తానికి 25 గ్రాములు దాటొద్దంటారు. మామిడి జ్యూస్ అయితే పండే కదా అంటారేమో, ప్యాకెట్ వెనక్కి తిప్పి టోటల్ షుగర్స్ చదవండి. కొన్ని కోలాని మించిపోతాయి.

సాయంత్రం బాటిల్ నిండుగా ఇంటికొచ్చిందా? తిట్టకండి. "ఇవాళ స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్ళావా?" అని అడగండి చాలు, గుట్టంతా బయటపడుతుంది. వెళ్ళానంటే అప్పుడు బాటిల్ వాసన చూడండి. మూతలో రబ్బరు రింగు ఉంటుంది, దాని కింద పాచి పడుతుంది. వారానికోసారి రింగు ఊడదీసి, వేడినీళ్ళలో స్పూన్ వంటసోడా వేసి అరగంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే బిగించండి. తడి మీద బిగిస్తే మళ్ళీ అదే కంపు. లీటరు బాటిల్ బరువని పిల్లలు మధ్యలో పారబోస్తారు. స్కూల్లో మంచినీళ్ళుంటే అరలీటరుది ఇచ్చి, మధ్యాహ్నం నింపుకోమనండి. గ్లూకోజ్ పౌడర్ మాత్రం కలపొద్దు, అదీ చక్కెరే!

హెడ్‌మాస్టర్ గారూ, మీకూ ఒక మాట. బెల్ అందరికీ ఒకేసారి కొడితే బాత్రూమ్ దగ్గర తిరునాళ్ళే. తరగతుల వారీగా ఐదేసి నిమిషాలు తేడా పెట్టండి. వెళ్తానన్న పిల్లని "ఇప్పుడేనా?" అని గదమాయించకండి. ఆ ఒక్క మాటకి రేపటి నుంచి బాటిల్ మూతే తియ్యదు.

మీ పిల్లల స్కూల్ బాత్రూమ్‌కి గొళ్ళెం ఉందా? రేపు వెళ్ళి చూసి కామెంట్లో పెట్టండి. లేకపోతే స్కూల్ కమిటీ మీటింగ్‌లో ముందు అదే అడగండి, షుగర్ బోర్డు సంగతి తర్వాత.