వల పోయి గాలం వచ్చిన సరస్సు

అందరికీ నమస్కారం.

పోయిన వేసవిలో మా మావయ్య కైకలూరు నుంచి వచ్చాడు. కొల్లేటి గట్టున పుట్టి పెరిగిన మనిషి కదా అని ఇక్కడ అమెరికాలో, లడింగ్టన్ అనే ఊరు తీసుకెళ్ళి మిషిగన్ సరస్సు చూపించాను. మేమంతా ఫొటోల హడావుడిలో ఉంటే, ఆయన కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి అడిగాడు: "ఒరేయ్, ఇన్ని నీళ్ళున్నాయి, ఒక్క వల పడవా లేదేంట్రా?"

పక్కనే కాంక్రీటు గట్టు మీద మాత్రం పాతిక ముప్పై మంది మడత కుర్చీల్లో గాలాలు వేసుక్కూర్చున్నారు. ఒకాయన పట్టిన చేపని టేపుతో కొలిచి, మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. మావయ్య నా వంక చూసిన చూపు ఇంకా గుర్తే.

ఆయన ప్రశ్నకి అక్కడ నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతాను.

ఒకప్పుడు ఇక్కడ వలలదే రాజ్యం. 19వ శతాబ్దంలో స్టర్జన్ అనే పెద్ద చేప వలలు చింపేస్తోందని, పట్టి ఒడ్డున కట్టెల్లా పేర్చి తగలబెట్టారు. స్టీమర్ల బాయిలర్లలో కూడా వేశారు. తర్వాత దాని గుడ్లకి మంచి ధర ఉందని తెలిసింది. అప్పుడిక తరిమి తరిమి పట్టారు. ఆ చేప గుడ్లు పెట్టే వయసుకి రావడానికే పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. ఎక్కడ తట్టుకుంటుంది?

అసలు దెబ్బ మాత్రం లాంప్రే వల్ల తగిలింది. చూడ్డానికి మలుగుపాములా ఉంటుంది, దవడలుండవు. గుండ్రటి నోటి నిండా పళ్ళు. జలగలా చేపని కరుచుకుని రక్తం పీలుస్తుంది. అట్లాంటిక్ సముద్రపు జీవి ఇది. నయాగరా జలపాతం దాటి పైకి రాలేకపోయేది. ఓడల కోసం వెల్లండ్ కాలువ తవ్వి మనుషులే దానికి దారిచ్చారు. 1921లో ఈరీ సరస్సులో కనబడింది, 1936కల్లా మిషిగన్‌కి చేరింది. ఒక్క లాంప్రే ఏడాది, ఏడాదిన్నరలో 40 పౌండ్ల దాకా చేపల్ని చంపగలదు. మిషిగన్, హ్యూరన్, సుపీరియర్ అనే పై సరస్సుల్లో ఏటా కోటిన్నర పౌండ్ల లేక్ ట్రౌట్ అనే పెద్ద చేప పడేది. 1960ల మొదట్లో అది 3 లక్షలకి పడిపోయింది. పడవలు ఒడ్డెక్కాయి. వేల రసాయనాలు పరీక్షించి, లాంప్రే పిల్లల్ని వాగుల్లోనే చంపే మందొకటి కనిపెట్టారు. 1958 నుంచి వాడుతున్నారు, ఇప్పటికీ మానలేదు.

పెద్ద చేప పోయేసరికి ఏల్‌వైఫ్ అనే చిన్న చేపకి అడ్డు లేకపోయింది. అదీ సముద్రం నుంచి వచ్చిందే. 1967లో కుప్పలుతెప్పలుగా చచ్చి షికాగో బీచిల మీద పడితే, ఆ కంపుకి జనం ఒడ్డుకి రావడం మానేశారు.

ఇక్కడే వలకీ గాలానికీ పంచాయితీ వచ్చింది. ఏల్‌వైఫ్‌ని వలలతో పట్టి పిల్లుల మేతకీ ఎరువుకీ అమ్ముకుందామన్నది ఒక వాదన. మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ అధిపతి హోవర్డ్ టానర్ దానికి ఒప్పుకోలేదు. పసిఫిక్ తీరం నుంచి కోహో సామన్ అనే పెద్ద చేప గుడ్లు తెప్పించి, పిల్లల్ని పెంచి, 1966లో ప్లాట్ లాంటి నదుల్లో వదిలించాడు. ఏల్‌వైఫ్‌ని అవి తింటాయి, వాటి కోసం గాలం పట్టుకుని జనం వస్తారు, ఇదీ ఆయన లెక్క.

లెక్క తప్పలేదు. 1967లో జనం వెర్రెత్తినట్టు వచ్చారు. చిన్న చిన్న దోనెలు కూడా సరస్సులోకి దింపారు. సెప్టెంబర్ 23న తుఫాను గాలి లేచి ఏడుగురు మునిగిపోయారు. అయినా జోరు తగ్గలేదు. సరస్సు ఒడ్డు ఊళ్ళలో మోటళ్ళు, బోటు అద్దెలు, ఎర దుకాణాలు లేచాయి. పాత వలల వాళ్ళ మీదేమో ఆంక్షలు బిగిశాయి. చేపల్లేక వల పోయిందనుకుంటాం గానీ, అది సగం నిజమే. చేపలు తిరిగొచ్చాక వలని రానివ్వలేదు.

అందుకు ఒప్పుకోని వాళ్ళు ఇక్కడి ఆదివాసులు. 1836 ఒప్పందంలో నేల వదులుకున్నాం గానీ చేపల హక్కు వదులుకోలేదని కోర్టుకెళ్ళారు. 1979లో ఫెడరల్ న్యాయమూర్తి నోయెల్ ఫాక్స్ వాళ్ళ పక్షాన తీర్పిచ్చాడు. ఆ తీర్పు మీద గాలాల వాళ్ళు మండిపడ్డారు. బోట్ల రేవుల దగ్గర గొడవలు జరిగాయి. నా మటుకు నాకు, ఈ కథలో మొదటి నుంచీ ఒకే మాట మీద నిలబడింది ఆ ఆదివాసులే అనిపిస్తుంది.

మావయ్య ఆ రోజు ఇంకో మాట కూడా అన్నాడు: "నీళ్ళు అద్దంలా ఉన్నాయిరా, ఇందులో చేప ఏం తిని బతుకుతుంది?" నేను నవ్వాను. ఇంటికొచ్చి చదివితే అదే నిజమని తేలింది. ఓడల అడుగున నింపుకునే నీళ్ళతో పాటు వచ్చిన క్వాగా ఆల్చిప్పలు సరస్సు అడుగంతా పరుచుకుని, చిన్న చేపల తిండిని వడకట్టేస్తున్నాయి. నీళ్ళు తేటపడ్డది అందుకే. పక్కనున్న హ్యూరన్‌లో 2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలింది, దాన్ని తిని బతికే సామనూ దాని వెంటే పోయింది.

మర్నాడు లీలండ్‌లో పాత బెస్త పాకలు చూపించి, పొగబెట్టిన వైట్‌ఫిష్ కొనిపెట్టాను. వేలితో ముల్లు తీసుకుంటూ తిన్నాడు. "బానే ఉంది," అన్నాడు, "ఇది వలతో పట్టిందేనా?" అవునన్నాను. కాగితంలో మిగిలిన ముక్క కూడా తీసుకున్నాడు.